మంచు ఆరేదాకా

నాకు మెలకువ మూడింటికే వచ్చేస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో ఒక ఐస్ ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్లు గుమాస్తాగా చేశాను. బోట్లు ఒడ్డుకు చేరేసరికి ఐస్ దిమ్మలు సిద్ధంగా ఉండాలి కాబట్టి, మల్కాపురంలో మా వీధి మొత్తానికి మొదట లైటు వెలిగేది మా ఇంట్లోనే. మా ఆయనది పోర్టులో క్రేన్ మీద పని. ఎక్కువగా నైట్ షిఫ్టులే పడేవి. నేను డ్యూటీలో ఉండగా ఆయన ఇంటికొచ్చి ముసుగుతన్నేవారు. రిటైరయ్యాక షిఫ్టు పోయింది గాని పొద్దుటి నిద్ర మాత్రం పోలేదు. "సూర్యుడు నెత్తికెక్కాడు, ఇంకా పడుకున్నారేటి?" అని రోజూ ఆయన్ని లేపడం నా హక్కులా ఉండేది. పెందలాడే లేచేవాళ్లే మనుషులని, తక్కినవాళ్లు దేవుడు ఏదో జాలిపడి నడిపిస్తున్న సరుకని నా గట్టి నమ్మకం.

మా నాన్న ఇచ్చిన కాస్త నేల సబ్బవరం అవతల ఉంటే, అక్కడ రెండు గదులు వేసుకుని చేరాం. నాలుగు మేకలతో మొదలుపెట్టి తొమ్మిదికి వచ్చాం. పాతిక దాకా నాటుకోళ్లు. మందు చుక్క తగలకుండా పెంచాలని మొదటి రోజే ఒట్టు పెట్టుకున్నాను. కోళ్లకి గంట్లు, చోళ్లు, అంటే సజ్జలు, రాగులు, ఉప్పు వేయకుండా ఎండబెట్టిన చిన్న చేపల పొడి. ఆ పొడి హార్బర్‌లో నాకు తెలిసిన ఆడవాళ్లు పంపేవారు. మేకలకి తవుడు, నానబెట్టిన తెలగపిండి, అవిశ మండలు. మల్కాపురం నుంచి పాత ఇరుగుపొరుగు గుడ్ల కోసం వస్తే, గుడ్లు చేతికిచ్చేలోపు వాళ్లకి అరగంట ఉపన్యాసం తప్పేది కాదు. పాపం, గుడ్ల కోసం వినేవారు.

తెల్లవారుజామున అయిదు కాకుండానే మేకల్ని విప్పేసేదాన్ని. చీకట్లో గడ్డి చల్లగా, నీటి బొట్లతో నిగనిగలాడుతూ ఉండేది. మేకలు పరపరమని కొరుకుతుంటే వినడానికి హాయిగా ఉండేది. ఊళ్లో ఎవరి మందా బయటికి రాకముందే నా మేకల కడుపులు నిండిపోతాయని ఎంత గర్వమో. మా ఆయన లేచేసరికి ఒక పూట మేత అయిపోయేది. ఆ మాట ఆయనకి వినిపించేలా కోళ్లతో చెప్పేదాన్ని.

ఆ మందలో ఒక నల్ల మేక ఉంది. ఎడమ చెవి మాత్రం తెలుపు. నేను ఎటు వెళితే అటు వస్తుంది, నిలబడితే చీర కొంగు నములుతుంది. తొలిచూలు మీద ఉంది. వానలు వెనకబట్టి మంచు మొదలైన రోజుల్లో దాని దవడ కింద మెత్తగా ఒక సంచిలా దిగింది. నేను మురిసిపోయాను. చూడి కదా, ఒళ్లు చేస్తోంది అనుకున్నాను. గుడ్లకి వచ్చినవాళ్లని పిలిచి మరీ ఆ గడ్డం చూపించాను. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

తేడా మొదట కనిపెట్టింది మా ఆయన.

"ఏటే, నల్లది ఎనకబడిపోతంది. నాలుగడుగులేసి ఆగిపోతంది సూడు."

"కడుపుతో ఉన్నాది, పరిగెట్టమంటారేటి? ముందు మీరు తెల్లారి లెగడం నేర్సుకోండి" అన్నాను.

అయినా ఎందుకైనా మంచిదని మూడు రోజులు వేపాకు నూరి పట్టాను. నాలుగో రోజు అది మండల కోసం లేవలేదు. తల నేలకి ఆనించి, నా వైపు చూసి, కొంగు నోటికి అందించినా నమలలేదు. అప్పుడు భయం వేసింది. కడుపులో పిల్లతో సహా పోతుందని నాకు అర్థమైంది. చెప్పులు కూడా వేసుకోకుండా పశువుల డాక్టరమ్మ కోసం వెళ్లాను.

డాక్టరమ్మ చిన్న పిల్ల, రాజమండ్రి వైపు అమ్మాయి. వచ్చీరాగానే దవడ కింద వాపు నొక్కి చూసింది. తర్వాత మేక కన్ను దగ్గరికి వంగి, బొటనవేలితో కింది రెప్పని నెమ్మదిగా కిందికి లాగింది. "ఇలా రండమ్మా, చూడండి" అంది. రెప్ప లోపల సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. పక్కనున్న మేకపోతు రెప్ప లాగి చూపించింది. అది ఎర్రగా ఉంది.

హార్బర్‌లో ఇరవై ఏడేళ్లు చూసింది అదే కదా. ఆడవాళ్లు చేపని పట్టుకోగానే వేలితో మొప్ప ఎత్తుతారు. ఎర్రగా ఉంటే బుట్టలోకి, తెల్లబడితే పక్కకి. నేను కూడా మొప్ప చూడకుండా ఒక్క చేప కొన్న పాపాన పోలేదు. చచ్చిన చేపలో రక్తం వెతికినదాన్ని, నా వెంట తిరిగే జీవం కన్ను ఒక్కసారి ఎత్తి చూడలేదు.

"కడుపులో పురుగులు రక్తం తాగేస్తున్నాయమ్మా. ఈ వాపు కొవ్వు కాదు, నీరు. ఇవాళే మందు పట్టాలి. చూడికి పనికొచ్చేదే ఇస్తాను."

"మందు ఒద్దమ్మా. నాను మందు లేకుండా పెంచతన్నాను. వేపాకు పడతన్నాను కదా."

ఆ అమ్మాయి కోప్పడలేదు. "వేపాకు పెట్టండి, వద్దనను. కానీ ఇంత రక్తం పోయాక వేపాకు దీన్ని నిలబెట్టలేదు. సహజంగా పెంచడమంటే చావనివ్వడమా అమ్మా?" అంది.

నాకు చర్రుమంది. నా వయసులో సగం లేదు, నాకు చెబుతుందా అనుకున్నాను. అయినా మేక పక్కనుంచి జరిగి చోటిచ్చాను. మా ఆయన మేక తల ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచి పట్టుకున్నారు. మందు లోపలికి వెళ్లింది. తక్కిన ఎనిమిదింటికీ రెప్పలు ఎర్రగానే ఉన్నాయి, వాటికి అక్కర్లేదంది డాక్టరమ్మ. అవసరం లేనివాటికి కూడా పోస్తూ ఉంటే చివరికి పురుగులు ఆ మందుకి లొంగడం మానేస్తాయట. నల్లది ఈనాక కూడా తను చెప్పేదాకా దాని పాలు మనుషులు తాగకూడదని చెప్పింది. మర్నాడు పొద్దున్నే మేకలు మేసే చోటి నుంచి గడ్డి ఒక గుప్పెడు కోసి, తడి ఆరకుండా తెమ్మని కూడా చెప్పింది.

మర్నాడు మా ఆయనా నేనూ పట్టుకెళితే, ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ గడ్డిని నీళ్లలో నానబెట్టి కడిగి, తేరనిచ్చి, అడుగున మిగిలిన చుక్కని గాజు పలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. నన్ను చూడమంది. మొదట వెలుగు తప్ప ఏమీ కనబడలేదు. తర్వాత ఒక గాజు పోగు కదిలింది. దాని పక్కనే ఇంకొకటి. మెలికలు తిరుగుతూ, చుట్టుకుంటూ, మళ్లీ విప్పుకుంటూ. ఒక్క చుక్క నీళ్లలో అన్ని ప్రాణాలు!

"ఓలమ్మో" అన్నాను.

"ఇవి మేక పెంటికల్లోంచి పుట్టి గడ్డిలోకి వస్తాయి. పొడి గడ్డి మీద సొంతంగా ఎక్కలేవు. మంచు పడితే ఆ తడి పట్టుకుని గడ్డి కొన దాకా ఎక్కి కూర్చుంటాయి, ఏ మేకైనా వస్తుందని. ఎండ తగిలి తడి ఆరితే మళ్లీ గడ్డి మొదట్లోకి దిగిపోతాయి" అంది. నేను మళ్లీ వంగి కన్ను పెట్టి చూశాను. అందులో భయం కొంతే. కాళ్లు లేవు, కళ్లు లేవు, ఒక నీటిబొట్టుని మెట్టుగా చేసుకుని రోజూ ఎక్కి, ఎదురుచూసి, దిగుతుంది. నా మేకని చంపబోయిన దాన్ని చూసి చేతులెత్తి మొక్కాలనిపించడం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

"మీరు మేకల్ని ఎన్నింటికి వదుల్తారమ్మా?"

అడిగిందే తడవు, అలవాటైన గర్వంతో చెప్పేశాను. "నాను అయిదు కాకముందే ఇప్పేత్తాను."

చెప్పాక గాని నేనన్నది నా చెవులకి వినబడలేదు. మా ఆయన గోడ మీది ఆవు బొమ్మ వైపు చూస్తూ నిలబడ్డారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు, దానికి నేను ఆయనకి రుణపడి ఉన్నాను. ఈ ఇంటికి ఎవరైనా బద్ధకస్తుడు మేకల కాపరిగా ఉండి ఉంటే, కాఫీ తాగి తొమ్మిదింటికి విప్పి ఉంటే, నల్లది ఆ స్థితికి వచ్చేది కాదేమో.

ఆ తర్వాతి రోజులు నాకు శిక్షే. మూడింటికి మెలకువ వస్తుంది. లేచి, పాక తలుపు ముందు కూర్చుంటాను. మేకలు నన్ను చూసి అరుస్తాయి. నా చేతులు గడియ మీదికి వెళతాయి, లాక్కుంటాను. ఎండ వచ్చాక, చేత్తో గడ్డి తడిమి పొడిగా ఉంటేనే విప్పడం. మండలు కూడా నేల మీద వేయకుండా మేక మెడ ఎత్తుకి కట్టడం. నల్లదానికి పాకలోనే తెలగపిండి, తవుడు.

కూర్చుని చేసేదేమీ లేక కోళ్లని చూడటం మొదలుపెట్టాను. అన్నాళ్లూ మేత వేశానే గాని చూడలేదు. మేకలు మేసిపోయిన చోటికి అవి చేరతాయి. పెంటికల్ని కాళ్లతో చెదరగొట్టి, ఎండకి ఆరేలా పరుస్తాయి. మధ్యాహ్నం పొయ్యి బూడిద పోసిన గుంటలో ఒకదాని తర్వాత ఒకటి దిగి, రెక్కల కింద దాకా బూడిద ఎగజిమ్ముకుని, కళ్లు మూసుకుని పడుకుంటాయి. పేలు పోవడానికట. ఈ వైద్యం వీటికి ఎవరు చెప్పారు? ఈ పెరట్లో అందరికీ ఏదో ఒకటి తెలుసు, నాకే తెలియదని అర్థమై, ఆశ్చర్యంగానూ ఉంది, హాయిగానూ ఉంది.

రోజూ పగటి వెలుగులో నల్లదాని రెప్ప లాగి చూసేదాన్ని. వారం దాకా తెలుపే. ఒక రోజు అంచున గులాబీ జీర కనిపించినట్టనిపించి మా ఆయన్ని పిలిచాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, "నీకు కావాల్సింది నీకు కనబడతంది" అన్నారు. ఏడుపొచ్చింది. మరో నాలుగు రోజులకి ఆయనే నన్ను పిలిచారు. "ఇలా రా. ఇప్పుడు సూడు." నిజంగానే ఎరుపు, తాజా చేప మొప్పలో ఉండే ఎరుపు. దవడ కింద వాపు తగ్గిపోయింది. అది నా కొంగు అందుకుని నమిలింది. ఆ చీర నేను ఇప్పటికీ పారేయలేదు.

మాఘంలో అది ఈనింది, పట్టపగలు, అందరం చూస్తుండగా. ఒక్కటే పిల్ల, తల్లిలాగే నలుపు. మల్కాపురం వాళ్లు గుడ్లకి వచ్చినప్పుడు మేకకి మందు పట్టిన సంగతి నేనే చెప్పాను, వాపు చూపించి గొప్పలు పోయిన సంగతితో సహా. ఉపన్యాసం ఆ రోజు అయిదు నిమిషాల్లో ముగిసింది. గుడ్లు ఎప్పటిలాగే పట్టుకెళ్లారు.

పిల్లకి పది రోజులు వచ్చేసరికి గడ్డి కొరకడం మొదలుపెట్టింది. ఒక ఉదయం పాక తడికల సందులోంచి దూరి, తడి గడ్డి మీదికి గెంతులేసుకుంటూ పోయింది. పరుగెత్తి పట్టుకుని ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. గింజుకుంటోంది. దాని గుండె నా అరచేతిలో గబగబా కొట్టుకుంటోంది. ఎదురుగా గడ్డి కొనల మీద బొట్లన్నీ మెరుస్తున్నాయి. వాటిలో ఏముందో నాకు తెలుసు. అయినా అంత అందమైనది నేను చూడలేదు.

ఏడున్నరకి మా ఆయన రెండు గ్లాసుల కాఫీతో బయటికొచ్చారు. "సూర్యుడు నెత్తికెక్కాడు, ఇంకా కూసున్నావేటే?" అన్నారు.

ఎన్నేళ్లు దాచుకున్నారో ఆ మాట. నాకు నవ్వొచ్చింది, కళ్లమ్మట నీళ్లు కూడా వచ్చాయి. వంగి గడ్డి మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంకా తడిగానే ఉంది. పిల్లని దించకుండా ఒక చేత్తో గ్లాసు అందుకున్నాను. ఆయన కూడా నా పక్కన కూర్చున్నారు.