ఉప్పుమడుల టీచరమ్మ

మార్గశిరం వచ్చిందంటే మా నౌపడలో గాలి వాసన మారిపోతుంది. ఉప్పుమడుల బురదా, మంచూ కలిసి, నానబెట్టి మరిచిపోయిన చింతపండులాంటి పులుపు వాసన వీధిలోకి వస్తుంది. మొన్న పొద్దున్న అరుగు మీద బియ్యం ఏరుతుంటే ఆ వాసన తగిలింది. ఆ వెనకే నెత్తి మీంచి పక్షుల అరుపు. చేట పక్కన పెట్టి తలెత్తి చూసేను. మా కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. పని మధ్యలో నేను చెయ్యి ఆపడం మా ఇంట్లో వింతే మరి. ఒకప్పుడు పిట్టంటే నాకు ఎండబెట్టిన ధాన్యం మీద వాలే దొంగ, అంతే. తలెత్తి చూడ్డం నేర్పింది సత్యవతి టీచరమ్మ.

ఆవిడది విజయనగరం. బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యేరు. అందరూ సెలవులకి అరకో పూరీయో వెళ్తారు, ఈవిడ ప్రతి చలికాలం పది రోజులు మా ఉప్పుమడులకి వచ్చేవారు. మొదటిసారి భుజాన గుడ్డసంచీ, మెడలో దుర్భిణీ, కాళ్లకి మగవాళ్ల బూట్లతో గుమ్మం ముందు నిలబడి, వీధిగది ఇచ్చి రెండు పూటలా అన్నం పెడతారా అని అడిగేరు. పనేమిటంటే పక్షుల్ని చూడ్డానికన్నారు.

"ఏటి, విజీనారంలో కాకుల్లేవా?" అన్నాను.

"ఉన్నాయమ్మా. అవే నన్ను చూసి చూసి విసిగిపోయాయి."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ముక్కూమొహం తెలియని మనిషి ముందు నవ్వితే అలుసైపోతాం. ఉప్పు ఆఫీసువాళ్లు పంపిన గూఢచారేమో అని మూడు రోజులు కనిపెట్టి చూసేను. ఆవిడ కంచంలో మెతుకు మిగల్చలేదు. కంచం కడిగిన నీళ్లు తీసుకెళ్లి మల్లెమొక్కకి పోసేరు. అప్పుడు నమ్మకం కుదిరింది.

నాలుగో రోజు నన్నూ రమ్మన్నారు. ఎవరైనా పిలిచి ఏదైనా చూపిస్తానంటే మంచి చీర కట్టుకు వెళ్లడం మా పద్ధతి. పెట్టె అడుగునుంచి మిరపపండు రంగు చీర తీసి కట్టేను. టీచరమ్మ ఎగాదిగా చూసి, ఎరుపుకి పిట్టలు బెదురుతాయని తన మట్టిరంగు శాలువా నా మీద కప్పేరు. గట్టు మీద కూర్చున్నాం. మడినిండా ఫ్లెమింగోలు తలకిందులుగా మూతి పెట్టి మేస్తున్నాయి. ఇంతలో ఇంకో గుంపు మాకు దగ్గర్లో వాలబోయింది. నలభై ఏళ్లు కళ్లంలో ధాన్యానికీ, డాబా మీద వడియాలకీ కాపలా కాసిన చెయ్యి నాది. రెక్కల చప్పుడు వినపడగానే దానంతటదే లేచింది. రెండు చప్పట్లు కొట్టి, మడుల చివరిదాకా వినపడేట్టు "ఉష్షో" అని అరిచేను. మడి మడంతా గాల్లోకి లేచిపోయింది.

ఆవిడ దుర్భిణీ ఎత్తి, అవి దూరంగా వాలేదాకా చూసేరు. తర్వాత, రెక్కల కింద అంత ఎరుపు ఉంటుందని చదివేనే గానీ అన్నీ ఒక్కసారి విప్పగా ఎప్పుడూ చూడలేదు, నీ పుణ్యమా అని చూసేనన్నారు. నేను సిగ్గుతో చస్తుంటే మెల్లగా ఇంకో మాట చెప్పేరు. "ఎక్కణ్ణుంచో వస్తాయి నరసమ్మా. ఊరికే ఒకసారి ఎగిరాయంటే తిన్న తిండి వృథా."

తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు. అగ్గిపుల్ల కూడా దుబారా చెయ్యని నేను ఒక్క కేకతో అన్ని ప్రాణుల తిండి పాడుచేసేను. మర్నాటినుంచి గట్టు మీద రెండు చేతులూ తొడల కింద పెట్టుకు కూర్చునేదాన్ని.

పుస్తకంలో పేర్లు నాకు నోరు తిరగలేదు. నా పేర్లు నేనే పెట్టేను. ఒకటి గరిటెమూతిది. ఇంకోటి మెడ బిగించి, ఎవరినీ పలకరించకుండా నడుస్తుంది, అది పెళ్లికొడుకు మేనత్త. టీచరమ్మ నవ్వుకుంటూ అవి కూడా నోటుబుక్కులో ఎక్కించేవారు. కానీ ఒక నియమం ఉండేది. కంటితో చూసిందే రాయాలి, ఉండొచ్చు అనుకున్నది రాయకూడదు. ఆ బుక్కు మొదటి పేజీలో ఆవిడ చూడాలనుకున్న పక్షుల పేర్లుండేవి. అన్నిటికీ టిక్కు పడింది, ఒక్కదానికి తప్ప. తెల్లటి ఒళ్లు, నల్లటి చారలు, పైకి వంగిన ముక్కు. వచ్చిన ప్రతిసారీ ముందు దానికోసమే వెతికేవారు.

ఎనిమిదో ఏడు వచ్చినప్పుడు గడప తగిలి పడబోయేరు. కళ్లలో నీటికాసులట. వచ్చే చలికాలానికి ఈ మసకచూపు కూడా ఉండకపోవచ్చని డాక్టరు చెప్పేట్ట. ఆ పది రోజులూ ఆవిడ కళ్లు నేనే. తొమ్మిది రోజులు ఆ పిట్ట జాడ లేదు. తొమ్మిదోనాడు ఆవిడ మొహం చూడలేక, అదిగో వచ్చిందన్నాను.

"కాళ్లు ఏ రంగు?"

"ఎరుపు."

"ముక్కు ఎలా కదుపుతోంది?"

"పొడుస్తన్నాది, కోడిలాగ."

"బియ్యం ఏరేటప్పుడు లేని రాయి ఉందంటావా నరసమ్మా?"

ఇంటిదాకా తలెత్తలేదు నేను.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ రైలు. పొద్దున్నే గట్టెక్కేం. నిజంగానే వచ్చింది. గోతాలు కుట్టే దబ్బనం రాయికి తగిలి పైకి వంగిపోయినట్టు ముక్కు. నిన్న అబద్ధమాడిన నోరాయె, ఇవాళ నమ్మకపోతే? దుర్భిణీ ఆవిడ కళ్లకి పెట్టి, తల పట్టుకుని అటు తిప్పేను. ఎంత తిప్పినా ఆవిడకి నీళ్ల మెరుపు తప్ప ఏమీ ఆనలేదు.

"టీచరమ్మా, నిన్న అబద్దమాడేను. ఇయాల కాదు. కాళ్లు బూడిద కలిసిన నీలం. ముక్కు పొడవట్లేదు, పాల మీద మీగడ తోసినట్టు అటూ ఇటూ తోస్తన్నాది."

ఆవిడ దుర్భిణీ దింపేరు గానీ మొహం అటునుంచి తిప్పలేదు. టిక్కు పెట్టండన్నాను. నేను చూడలేదుగా అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు బురదలో తిరిగి, ఒక్క గీత గీసుకుంటే ఏం పోయిందని దెబ్బలాడేను. ఆవిడ పెన్ను నా చేతిలో పెట్టేరు. "చూసింది నువ్వు. నీ పేరు రాసి టిక్కు నువ్వే పెట్టు."

రెండో తరగతితో ఆగిపోయి, సంతకం తప్ప ఏళ్ల తరబడి ఏమీ రాయని చెయ్యి. వంకరటింకరగా నా పేరు రాసి టిక్కు పెట్టేను. "ఇప్పుడది నిజం," అని నవ్వేరు టీచరమ్మ. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. నేనీ నాలుగు ముక్కలూ రాయగలగడం ఆ రోజుతోనే మొదలు.

తర్వాత ఆవిడ రాలేకపోయేరు. ఏం చూసేనో ఫోన్లో చెప్పేదాన్ని, వరసపెట్టి ప్రశ్నలడిగేవారు. పోయిన వానాకాలంలో కాలం చేసేరు. నోటుబుక్కు వాళ్ల చెల్లెలు నాకు పంపించింది.

ఆవిడ వల్ల నాకో నష్టం జరిగింది. మా అరుగు మీద ఇప్పుడు కబుర్లు సాగవు. ఫలానావాళ్ల పిల్ల ఎవడితోనో టెక్కలి బస్సెక్కిందట అని ఎవరైనా మొదలెడితే, నువ్వు సూసేవా, ఏ రంగు సీర కట్టింది అని అడుగుతాను. లేచి పక్కింటి అరుగుకి పోతారు. మా కోడలికి అదో పెద్ద బెంగ.

నిన్న ఒక్కదాన్నే మడులకి వెళ్లేను. దూరంగా ఒక పిట్ట, ఎండకి అడ్డంగా నిలబడింది. ముక్కు పైకి వంగినట్టే ఉంది. అదేననుకొమ్మని మనసు ఎంత లాగిందో. ఎండపొద్దు వాలేదాకా చూసేను, కాళ్ల రంగు మాత్రం ఆనలేదు. నోటుబుక్కు తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసేను: "ఒకటి. ఏదో తెలీలేదు."