తప్పకుండా ఓడే మనిషి

పంతొమ్మిది వందల ముప్ఫై ఏడులో రాజపాళయంలో రంగరాజంత నికరంగా నష్టపోయే మనిషి మరొకడు లేడు. వడ్డీకి అప్పులిచ్చే నిధి కంపెనీలో గుమాస్తా పని, నెలనెలా జీతం, కిటికీ పక్క కుర్చీ, అన్నీ వదులుకొని పత్తి వ్యాపారంలో దిగాడు మహానుభావుడు. వ్యాపారమంటే పత్తిని కంటితో చూసేది కాదు. పొద్దున మండీలో కూర్చుని ధర పెరుగుతుందనో పడుతుందనో పందెం కాయడం, నాలుగింటికి బొంబాయి తంతి విని నెత్తి పట్టుకోవడం. కొన్న రోజు ధర పడేది. అమ్మిన రోజు లేచేది. పద్నాలుగు నెలలు ఈ వరస చెడలేదు.

నష్టాల కింద మొదటి ఎద్దు అమ్ముడుపోయినప్పుడు భార్య కల్యాణసుందరి ఊరుకుంది. రెండోదాని వంతు వచ్చేసరికి నోరు విప్పింది.

"ఇంకొక నాడు మండీకి పోయినారంటే నేను సత్రపట్టికి మా అమ్మింటికి పోతాను. ఎద్దును తోలుకొనే పోతాను."

అన్నంత పనీ చేసే మనిషి. రంగరాజు మర్నాడే నిధికి వెళ్ళాడు. అక్కడ మేనేజరు బాలగోపాలరాజు అతనికి వరసకు మేనమామ.

"మామా, బుద్ధి వచ్చినాది. పాత పని ఇప్పించండి."

మామ ముఖం వాడిపోయింది. "ఇంకొక ఆరు మాసం ఓర్చుకో అప్పా. ఏమి అవసరం?"

ప్యూను అయ్యాసామి నోట్లో నువ్వుగింజ నానదు. "మీరు కొంటే అయ్య అమ్ముతారు, మీరు అమ్మితే అయ్య కొంటారు. దాంట్లోనే కదా మేడ కట్టినారు!" అనేశాడు.

రంగరాజుకు ఒళ్ళు మండింది. కాని అరిస్తే ఉద్యోగం రాదు. డబ్బు పెడితేనే తన దరిద్రం పనిచేస్తుందని అతని నమ్మకం. గొంతు తగ్గించి, "సరి మామా. ఈ దినం ఉన్నదంతా పెట్టి కొంటాను," అని చెప్పి, దమ్మిడీ పెట్టకుండా ఇంటికి పోయి కూర్చున్నాడు. మామ పరుగున మండీకి పోయి ఉన్నదంతా అమ్మకానికి ఒడ్డాడు.

నాలుగింటికి తంతి వచ్చింది. ధర ఆ ఏడాదిలో ఎన్నడూ లేనంత ఎత్తుకు లేచింది.

ఐదింటికి మామ గుమ్మంలో నిలబడ్డాడు. "నీ జాతకం తిరిగిపోయినాది. ఇంక నాకు ఉపయోగం లేదు. రేపు పనికి వచ్చేయ్."

ఆయన వెళ్ళాక కల్యాణసుందరి పడీపడీ నవ్వింది. రంగరాజుకు నవ్వు రాలేదు. జన్మలో ఒక్కసారి గెలిచే రోజు, ఆ రోజే కొనకపోయాడు! ఏడుపొక్కటే తక్కువ.

ఆమె అతని ముఖం చూసి పక్కన కూర్చుంది.

"ఊరికే కుమిలిపోకండి. మీరు నిజంగా కొనింటే ధర పడిపోయుండును."

ఆ మాటకు అతని ప్రాణం కుదుటపడింది.