చేయి తగిలితే గ్రేడు పోతుందట

మైకు దొరికితే సమానత్వం మీద గంటసేపు మాట్లాడే మా వకీలు మిత్రుడి ఇంటికి ఈ రోజు మధ్యాహ్నం వెళ్లాను. చిన్నప్పుడు దాచుకున్న క్రికెట్ కార్డును గ్రేడింగ్ కోసం విదేశానికి పంపుతున్నాడు. అక్కడ భూతద్దం పెట్టి మూలలు, అంచులు చూసి, పదికి మార్కులు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో సీలు వేస్తారట. అనంతపురం ఎండలో, దుమ్ము లేస్తుందని ఫ్యాను కట్టేసి, తెల్ల గ్లౌజులు తొడుక్కుని, మెత్తటి గుడ్డతో దాన్ని తుడుస్తున్నాడు. కన్నబిడ్డ ముక్కు కూడా ఇంత భక్తిగా తుడిచి ఉండడు.

ఆ ఇంట్లో పనిచేసే ఓబులమ్మ మాకు టీ తెచ్చి, కార్డు మీది బొమ్మ చూద్దామని వంగింది.

"ముట్టుకోవాకు ఓబులమ్మా, చేయి తగిలితే గ్రేడు పోతాది" అన్నాడు మావాడు.

"మా నాయనకూ ఇదే మాట చెప్తాండ్రి సారూ. అప్పుడు గ్రేడు అనే పేరు లేకపోయె, అంతే."

మావాడు పెద్ద జోకు విన్నట్టు నవ్వాడు. మా చేతుల్లో పింగాణీ కప్పులున్నాయి. ఓబులమ్మ టీ మాత్రం పెరటి గోడ మీద విడిగా పెట్టిన స్టీలు గ్లాసులో ఉంది.

కార్డుకు పదికి పది వస్తాయేమో. ఆ ఇంటికి ఎన్ని వేయాలో మీరే చెప్పండి. అంచులు కూడా చూసి వేయండి, గ్లాసు ఉన్నది అక్కడే.