లిల్లీల వేరు కాపురాలు

మా బాబాయి బోర్డులు రాసి బతికేవాడు. కళ్ళజోళ్ళ కొట్టు, మందుల కొట్టు, "ఇక్కడ బళ్ళు ఆపరాదు" - ఊళ్ళో ఏ గోడ చూసినా ఆయన చెయ్యే. చేతికెంత పనితనమో నోటికంత దురద.

అప్పట్లో మా ఇంట్లో రెండు వంటిళ్ళు. కుళాయి దగ్గర అమ్మకీ పిన్నికీ మాటామాటా పెరిగి, నడవకి అడ్డంగా బీరువా పెట్టుకుని వేరుపడ్డారు. పలకరింపుల్లేవు. ఏదైనా చెప్పాలంటే బీరువాకి చెప్పేవాళ్ళు.

ఆ రోజుల్లోనే కాలేజీ తోటలో మొక్కలకి బోర్డులు రాసే పని బాబాయికి దొరికింది. చుట్టుపక్కల పెరిగే లిల్లీ జాతి చుట్టాలన్నిటినీ బోటనీ మేడం ఒకే మడిలో నాటించింది. ఉల్లి, కలబంద, శతావరి, ఇంకా ఏవేవో.

"ఇవి చుట్టాలేంటి మేడం? పోలికే లేదు" అన్నాడు బాబాయి.

"ఇదివరకు ఇవన్నీ ఒకే కుటుంబం అనేవాళ్ళం. తీరా పరీక్షలు చేసి చూస్తే అంత దగ్గరివి కావని తేలింది. ఇప్పుడు ఉల్లీ వెల్లుల్లీ ఒక కుటుంబం. కలబందది వేరు. శతావరిది ఇంకోటి. మనం బజార్లో లిల్లీ అని కొనే పువ్వుంది చూశారూ, అది కూడా శతావరి ఇంటిదే."

"అంటే వేరు కాపురాలన్నమాట!"

మేడం నవ్వింది. "అలాగే అనుకోండి. జనానికి అర్థమయ్యేలా రాయండి" అనేసి క్లాసుకి వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది.

సాయంత్రానికి బోర్డులు లేచాయి.

ఉల్లి దగ్గర: "పెద్దకోడలు. జోలికెళితే ఏడిపిస్తుంది."

కలబంద దగ్గర: "చిన్నకోడలు. పైన ముళ్ళు, లోపల చేదు."

బజారు లిల్లీ దగ్గర: "పేరొకరిది, ఇల్లొకరిది."

ఎప్పుడూ ఈగలు తోలుకునే తోటకి జనం విరగబడ్డారు. పాలాయన చూసొచ్చి, పాలు పోస్తూ మా గుమ్మంలో అంతా అప్పజెప్పాడు.

"ఉల్లిపాయంటే నేనేనన్నమాట!" అంది అమ్మ బీరువాతో.

"మీరు నయం అక్కా, నన్ను చేదన్నారు!" అని అటునుంచి వచ్చింది.

ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు. నేనూ ఇరుక్కున్నాను.

బాబాయి స్టూలెక్కి, మిగిలిన ఒక్క బోర్డుకీ తెల్లరంగు వేస్తున్నాడు. మేడం పక్కనే ఉంది. మమ్మల్ని చూసి ఆయన దిగబోయాడు.

"అక్కడే ఉండండి" అంది పిన్ని.

అమ్మ ఆ బోర్డు పక్కనున్న తీగని చూపిస్తూ మేడం వైపు తిరిగింది. "ఈ తీగేంటమ్మా?"

"అగ్నిశిఖ. ఇదీ ఆ పాత కుటుంబంలోదే, ఇప్పుడు వేరుగా ఉంటోంది. పువ్వు పసుపుగా మొదలై ఎర్రగా మారుతుంది. ఆకుల కొసలతో పక్కవాటిని పట్టుకుని పాకుతుంది. దుంపంతా విషం."

అమ్మా పిన్నీ మొహాలు చూసుకున్నారు.

"రాయవయ్యా మరిదీ" అంది అమ్మ. "చిన్నకొడుకు. పూటకో రంగు మారుస్తాడు."

"పక్కవాళ్ళని పట్టుకుని పైకి పాకుతాడు" అని అందుకుంది పిన్ని.

"దుంపంతా విషం" అన్నారిద్దరూ.

"కాస్త తగ్గించి రాస్తా వదినా..."

"లావు కుంచె తియ్యి. రోడ్డు మీదికి కనబడాలి."

మేడం నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. బోర్డులు తీయించలేదు గానీ, శాస్త్రం పేర్లు మాత్రం అడుగున చిన్నక్షరాల్లో రాయించింది. వాటినెవరూ చదవరు.

ఆ తర్వాత బాబాయి మీద కోపంగా ఉండటానికి అమ్మా పిన్నీ రోజూ మధ్యాహ్నం కలిసి కూర్చునేవాళ్ళు. ఆ కోపం చాలా ఏళ్ళు హాయిగా సాగింది.