గడ్డి దూడ

మొన్న బహదూర్‌పురాలో మా వియ్యపురాలి పదో దినానికి వెళితే, గోడ మీద పెట్టిన ముద్దను కాకి ముట్టలేదు. ఆత్మకు ఏదో కోరిక మిగిలిందని, ఇక్కడిక్కడే తిరుగుతోందని ఒకటే గుసగుసలు. నాకేమో మా అత్త గుర్తొచ్చి నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను.

జహనుమాలో మాది పాల ఇల్లు. నాలుగు బర్రెలనూ, కొడుకులనూ, నన్నూ అత్త ఒకే గొంతుతో అదిలించేది. అంతటి మనిషి, మామ పోయి ఏళ్ళు గడిచినా ఆయన తలరుమాలు మాత్రం వారం వారం ఉతికి, మడిచి, దిండు కింద పెట్టుకునేది. ఒక ఏడు పెద్ద బర్రె దూడ చచ్చిపోయింది. దూడ లేనిదే బర్రె పాలు చేపదు, పొదుగులోకి దించదు కదా. అందరూ చేసే పనే మేమూ చేశాం: దూడ తోలులో గడ్డి కూరి, కుట్టి, ముందర నిలబెట్టాం. ఆ పిచ్చితల్లి దాన్ని నాకుతూ నాకుతూ చేపింది. పితుకుతున్న అత్త చేతులు ఆగిపోయాయి.

"ఏందత్తా, పానం మంచిగ లేదా?" అన్నాను.

"దూడ ఎప్పుడో పోయింది పిల్లా. ఇది తోలును నాకుతున్నది. నేను గూడ ఇన్నేండ్ల సంది గిదే చేస్తున్న గద" అంది.

ఆ పూటే గడ్డి దూడను పాతిపెట్టించింది. బర్రె వట్టిపోయినా ఫికర్ పడలేదు. మర్నాడు చూస్తే మామ రుమాలు పాలు వడగట్టే గుడ్డయి గిన్నె మీద ఉంది. తిట్లు మానిందని అబద్ధం చెప్పను. కానీ ఆ తర్వాత ఆమె ఏడవడం, భయపడడం నేను చూడలేదు. "నేను పోయినంక తోలు నాకకుండ్రి. నేను ఈడ ఆగను" అనేది.

ఆమె పదో దినాన కూడా కాకి రాలేదు. ఆడబిడ్డ అందరి ముందూ అడిగేసింది: "మా అమ్మను ఏం గోస పెట్టినవ్ వదినా? ముద్ద ముడుతలేదు." మా ఆయన కూడా నా వైపే చూశాడు. అంతలో అత్త మాట గుర్తొచ్చింది.

"కోరిక ఉన్నోళ్ళు ఆగుతరు. మీ అమ్మ ఆగలే. ఇగ కాకి ఎవరి కోసం వస్తది?" అని, ముద్ద పెట్టిన విస్తరి తీసి పెద్ద బర్రె ముందు పెట్టాను. అది ఆకుతో సహా నమిలేసింది. ఆడబిడ్డ అది చూసి, "అమ్మ ఉన్నా గిట్లనే చేస్తుండె" అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆ రుమాలు వడగట్టీ వడగట్టీ పోగులైపోయింది. కాలం అందరి దగ్గరా ఏదో ఒకటి లాక్కుంటుంది. అది తన దాకా వచ్చేసరికి లాక్కోవడానికి ఏమీ మిగల్చలేదు మా అత్త.