పన్నెండుకి ఐదు వేసిన ఎర్మిందా టీచర్

మా ఎర్మిందా ఓలైసోలా టీచర్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. కంట పడినదానికల్లా, చెవిన పడినదానికల్లా మార్కులు వేస్తారు. అదీ పన్నెండుకి. మా బళ్ళలో మార్కులు పన్నెండుకే. ఆరు వస్తే గట్టెక్కినట్టు. సాల్తో ఊళ్ళో ముప్పై ఎనిమిదేళ్ళు భాష చెప్పి ఆవిడ రిటైరయ్యారు గానీ, ఆవిడ చేతిలోని ఎర్ర పెన్సిల్ మాత్రం రిటైర్ కాలేదు.

రొట్టెల కొట్టుకి వెళితే, "ఈవేళ తొమ్మిదోయ్, అడుగు మాడింది" అంటారు. బస్సు దిగుతూ డ్రైవర్‌తో, "మలుపులకి పది, బ్రేకులకి నాలుగు" అంటారు. పళ్ళ డాక్టర్ ఆవిడ దవడ పన్ను పీకిన రోజున నోటినిండా దూది, మాట పెగల్లేదు. అయినా కుర్చీలోంచి లేస్తూ రెండు చేతులూ ఎత్తి ఎనిమిది వేళ్ళు చూపించారు. మిగతా నాలుగు ఎక్కడ పోయాయా అని పాపం ఆ డాక్టర్ వారం రోజులు కుమిలిపోయాడు.

ఆవిడ భర్త ఫెలిసియానోగారు పోయి ఏడేళ్ళయింది. పెళ్ళికి ముందు ఆయన రాసిన ప్రేమలేఖ ఇంకా బీరువాలో భద్రంగా ఉంది. పై మూలన ఎర్రగా రాసి ఉంటుంది: "ఏడు. వ్యాకరణం బాగుంది. ధైర్యం చాలలేదు." ఆయన రెండో ఉత్తరం రాశాడు. దానికి పదకొండు వచ్చింది. పెళ్ళయిపోయింది.

నా పేరు దార్దో. ఆవిడ దగ్గర చదువుకుని ఒక్కనాడూ ఆరు దాటని వాణ్ణి. అయినా సిగ్గు లేకుండా ఊళ్ళో ఒక వారపత్రిక నడుపుతున్నాను, కాగితం మీదా ఇంటర్నెట్‌లోనూ. అందులో పుస్తకాల పేజీ టీచర్‌ది. వంటల పేజీ కన్నా ఆవిడ పేజీకే చదివేవాళ్ళు ఎక్కువ, భయం కొద్దీ.

ఆ మార్చిలో ‘ఉప్పులో దాచిన ఆదివారం’ అనే నవల వచ్చింది. రాసినామె సిల్వానా తెచేరా, రాజధానిలో ఉంటుంది. మాంసం కొట్టు నడిపే ఒక తండ్రి, అతని కూతురు, మధ్యలో ఒక పెద్ద వరద, అదీ కథ. పత్రికలన్నీ ఆకాశానికెత్తాయి. రేడియోలో ఒక పెద్దమనిషి దాని గురించి మాట్లాడుతూ బావురుమన్నాడు. మా ఊళ్ళో మందుల షాపు నీదియా కూడా ఆ నవలని దగ్గుమందు సీసాల పక్కన పెట్టి అమ్మింది.

టీచర్ దాన్ని రెండుసార్లు చదివి సమీక్ష పంపించారు. చదవగానే ఫోన్ చేశాను.

"టీచర్, ఐదేమిటండీ? ఒక్క మార్కు కలిపితే గట్టెక్కిపోతుంది కదా!"

"నీకు కలిపాను కదరా, నీ పదమూడో ఏట. ఏమైంది? పత్రిక పెట్టావు."

అచ్చేశాను. ఆవిడ రాసింది ఇదీ: "వాక్యాలు అందంగా ఉన్నాయి. వరద అధ్యాయానికి పూర్తి మార్కులు. కానీ ఈ తండ్రి నలభై ఏళ్ళుగా కత్తి పట్టిన మనిషి. అలాంటివాడు ‘విషాదపు అంచున నిలబడ్డాను’ అనడు. ‘కాళ్ళు పీకుతున్నాయి, ఆ కుర్చీ ఇటు లాగు’ అంటాడు. రచయిత్రి తనకు బాగా తెలిసిన మనిషిని దాచేసి, తెలియని మనిషిని మన ముందు నిలబెట్టింది. పన్నెండుకి ఐదు. మళ్ళీ రాయాలి."

శనివారం పొద్దున ఇంటర్నెట్‌లోనూ పెట్టాం. మధ్యాహ్నానికి నాలుగు వందల తిట్లు. సోమవారానికి మూడు వేలు దాటాయి. ఆవిణ్ణి తీసెయ్యమని సంతకాల ఉద్యమం కూడా మొదలైంది. మా పత్రికకి ప్రకటనలిచ్చేది ఇద్దరే ఇద్దరు. వాళ్ళలో పడవలు అద్దెకిచ్చే ఆయన ఫోన్ చేసి, "ఆ ముసలావిడ పక్కన నా పడవ బొమ్మ వద్దు" అన్నాడు. నేను పరుగున టీచర్ ఇంటికి వెళ్ళాను, ఓదార్చడానికి.

ఆవిడ వంటింటి బల్ల దగ్గర మాతే టీ పీలుస్తూ కూర్చున్నారు. ముందు ఇంత ఎత్తు కాగితాల దొంతర. తిట్లన్నీ అచ్చు తీయించుకుని దిద్దుతున్నారు!

"టీచర్, అవి తిట్లు!"

"చూస్తూనే ఉన్నాగా. ఇదిగో, ‘ఎండిపోయిన నిమ్మకాయ మొహమా’ అట. పోలిక కొత్తగా ఉంది, ఎనిమిది. ఇది చూడు, ‘పోయి చావు’. శ్రమ లేదు, ఊహ లేదు. రెండు."

దిద్ది ఊరుకుంటే ఆవిడ ఎర్మిందా టీచర్ ఎందుకవుతారు? ప్రతి తిట్టు కిందా మార్కులు, చిన్న సలహా రాసి జవాబు పెట్టారు. దాంతో జనానికి పిచ్చి పట్టింది. ఆరు వచ్చినవాడు పది కోసం మళ్ళీ తిట్టడం మొదలెట్టాడు. రాజధానిలో టాక్సీ నడిపే ఒకాయన అప్పీలు చేసుకున్నాడు: "మా బావమరిదికి తొమ్మిదీ నాకు ఐదా? ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని రాశాం!"

"ఒకే బల్ల మీద రాస్తే కాపీ అంటారు. ఇద్దరికీ సున్నా," అని జవాబిచ్చారు టీచర్.

కానీ అన్నీ నవ్వుకునేవి కావు. మా ఊళ్ళో ప్రతి ఏడూ అక్టోబరులో పుస్తకాల పండుగ జరుగుతుంది. అందులో పిల్లల వ్యాసాల పోటీకి బహుమతులిచ్చేది టీచరే, పంతొమ్మిదేళ్ళుగా. ఆ రోజు కోసం ఆవిడ నీలం కోటు ఒకటి విడిగా దాచుకుంటారు. ఒకనాడు కమిటీ పెద్ద ఎవరిస్తోగారు టోపీ చేతుల్లో నలుపుకుంటూ వచ్చాడు.

"ఈసారికి మీరు విశ్రాంతి తీసుకుంటే బాగుంటుందేమో టీచర్... ముఖ్య అతిథిగా సిల్వానాగారు వస్తున్నారు... ఎదురుపడితే ఇద్దరికీ ఇబ్బంది కదా..."

టీచర్ ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి వచ్చారు. ఆ మాటలకి మార్కులు వెయ్యలేదు. అది చూసి నాకు నిజంగా భయం వేసింది.

తిట్టేవాళ్ళందరిలోకీ మొండివాడు ‘ఉక్కుగద్ద’ అని పేరు పెట్టుకున్నవాడు. రోజూ తెల్లవారగానే తయారు. వాడి రాతలో మాటకో తప్పు. "ముసళి గాడిధా" అని మొదలెట్టేవాడు.

"గాడిదకి వత్తు అక్కర్లేదు నాయనా, అది ఇప్పటికే చాలా బరువు మోస్తోంది," అని దిద్దారు టీచర్. "తప్పులు పదిహేడు. రాతకి రెండు. కానీ మాటలో ప్రాణం ఉంది. దానికి పన్నెండు."

"వీణ్ణి బ్లాక్ చేసేద్దాం టీచర్," అన్నాను.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. వీడి సంగతి నేను చూసుకుంటా."

ఏం చూసుకున్నారో గానీ వారం తిరిగేసరికి ఉక్కుగద్ద మాయమైపోయాడు. మే నెల వచ్చేసరికి తిట్లూ పలచబడ్డాయి. అయితే ఊరికి కొత్త కాలక్షేపం దొరికింది.

ప్రతి గురువారం మధ్యాహ్నం బెలెన్ ఊరి నుంచి వచ్చే బస్సులోంచి ఒక భారీ మనిషి దిగేవాడు. అరవై ఏళ్ళుంటాయి. నీళ్ళద్ది దువ్విన జుట్టు, చేతిలో కాగితంలో చుట్టిన సాసేజీలు. నేరుగా టీచర్ ఇంటికి వెళితే మళ్ళీ ఆరింటికే బయటికి. మందుల షాపు టీచర్ ఇంటి ఎదురుగానే కాబట్టి నీదియాకి దగ్గుమందు అమ్మే తీరిక కూడా లేకుండా పోయింది.

"కిటికీ పక్కనుంచి విన్నానోయ్ దార్దో! ఆపి ఆపి ఏదో చదువుతున్నాడు. ప్రేమలేఖలే!"

"అంత ఆపి ఆపి ఎందుకు చదువుతాడు?"

"సిగ్గు ఉండదూ మరి!"

ఉండబట్టలేక టీచర్‌నే అడిగాను. "పెద్దవాళ్ళం, మాకూ పనులుంటాయి. నువ్వు వెళ్ళి నీ కామాలు సరిచూసుకో," అన్నారు.

పుస్తకాల పండుగ రానే వచ్చింది, గురువారం. మధ్యాహ్నం నా ఆఫీసు తలుపు తోసుకుని సిల్వానా తెచేరా వచ్చింది. ముప్పై ఆరేళ్ళ మనిషి, కళ్ళల్లో నిప్పులు.

"ఆ ఐదు వేసినావిడ ఇల్లెక్కడ?"

"అమ్మా, పెద్దావిడ... బీపీ కూడా ఉంది..."

"కొట్టడానికి కాదు లెండి. ఏడు నెలల నుంచి కొత్త నవల ఒక్క పేజీ రాయలేకపోయాను. తండ్రి నోరు తెరిస్తే చాలు, ఆవిడ పెన్సిలే కనిపిస్తోంది. ఒక్కసారి మొహం చూసి అడగాలి."

వెళ్ళాం. తలుపు తీసే ఉంది. వంటింట్లో ఆ సాసేజీల మనిషి బల్ల మీదికి వంగి, అక్షరాల కింద లావుపాటి వేలు జరుపుతూ చదువుతున్నాడు. "వి...షా...దపు... అం...చున..."

"నాన్నా?" అంది సిల్వానా.

ఆయన అదిరిపడి పుస్తకాన్ని సాసేజీల పొట్లం కింద దాచేశాడు. "ఏం లేదు పిల్లా... ఈ టీచరమ్మకి సాసేజీలు ఇచ్చి పోదామని..."

"బెలెన్ నుంచి బస్సెక్కా?"

సిల్వానా తండ్రి ఒలెగారియోగారికి అబద్ధం అంతకన్నా ముందుకి సాగలేదు. చెప్పేశాడు. ఆయన చదువు రెండో తరగతితో ఆగిపోయింది. కూతురి పుస్తకాన్ని తన మాంసం కొట్లో త్రాసు పక్కన నిలబెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు గానీ, నాలుగో పేజీ దాటలేకపోయాడు. కూతురు అడిగితే, "బ్రహ్మాండంగా ఉంది పిల్లా" అనేసేవాడు. టీచర్ సమీక్షని ఎవరో చదివి వినిపిస్తే ఒళ్ళు మండి, ‘ఉక్కుగద్ద’ అని పేరు పెట్టుకుని ఫోన్‌లో తిట్లు రాయడం మొదలెట్టాడు.

"అంటే... ఆ ఉక్కుగద్ద నువ్వా?" సిల్వానా నోరు తెరిచేసింది. "ఆ ‘గాడిధ’ నువ్వా?"

"వత్తు తీసేశా పిల్లా! ఇప్పుడు సరిగ్గా రాస్తున్నా, కావాలంటే టీచరమ్మనడుగు!"

నేను టీచర్ వైపు తిరిగాను. "మీకెప్పటి నుంచి తెలుసు?"

"మూడో తిట్టు నుంచి. ‘పిల్ల నాలుగేళ్ళు చలిలో కూర్చుని రాసింది’ అన్నాడు. అంత పెద్ద రచయిత్రిని పిల్ల అనేది ఇంకెవరురా? ‘గురువారాలు రా, చదవడం నేర్పుతా’ అని కబురు పెట్టాను."

"ఒక్క ముక్క నాతో అని ఉంటే అచ్చేసేవాణ్ణి. గొడవ ఆ రోజే ఆగిపోయేది. పండుగలో మీ చోటు మీకుండేది!"

"ఆగేది. మర్నాటి నుంచి దేశమంతా ఈ అమ్మాయిని చూసి నవ్వేది. ఈయన్ని చూసి ఇంకా ఎక్కువ నవ్వేది." ఆవిడ లేచి పెనం పొయ్యి మీద పెట్టారు. "తిట్లు నాకు కొత్తా? ముప్పై ఎనిమిదేళ్ళు ఎనిమిదో తరగతి వెనక బెంచీల ముందు నిలబడ్డాను."

సిల్వానా కుర్చీ లాక్కుని తండ్రి పక్కన కూలబడింది. "ఎలా ఉంది నాన్నా పుస్తకం? నిజం చెప్పు," అంది.

"రెండొందల పన్నెండో పేజీలో ఉన్నా. వరద దగ్గర ఏడ్చా. కానీ పిల్లా, ఈ తండ్రి నేనే కదా?"

"ఊఁ."

"నేనెప్పుడన్నా విషాదపు అంచున నిలబడ్డానా?"

సిల్వానాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "రాజధానిలో నీ మాటలు చదివి నవ్వుతారేమోనని..."

"మీ అమ్మ పోయిన రోజు నేనేమన్నానో గుర్తుందా?"

"‘కత్తులన్నీ కడిగి పెట్టు. రేపు కొట్టు తెరవకపోతే నాకు పిచ్చెక్కుతుంది’ అన్నావు."

పెనం మీద సాసేజీలు చిటపటలాడుతున్నాయి. టీచర్ తన ఎర్ర పెన్సిల్ బల్ల మీద సిల్వానా వైపు జరిపారు.

ఆ సాయంత్రం ముఖ్య అతిథి నలభై నిమిషాలు ఆలస్యంగా, ఒక చేత్తో తండ్రినీ ఇంకో చేత్తో నీలం కోటు వేసుకున్న టీచర్‌నీ పట్టుకుని సభకు వచ్చింది. ఎవరిస్తోగారు మొహం పాలిపోయి ఎదురొచ్చాడు.

"ఈ... ఈవిడ..."

"బహుమతులు ఈవిడిస్తేనే నేను మాట్లాడేది," అంది సిల్వానా.

ఎవరిస్తోగారు తన కుర్చీ తనే మోసుకొచ్చి టీచర్‌కి వేశాడు. ఒలెగారియోగారు ముందు వరసలో కూర్చుని, బహుమతి అందుకున్న ప్రతి పిల్లకీ అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాడు. పక్కన సిల్వానా మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆహ్వానపత్రం వెనక వేగంగా ఏదో రాసుకుంటోంది. చోటు చాలక నా ఆహ్వానపత్రం కూడా లాక్కుంది. మధ్యమధ్య తండ్రిని మోచేత్తో పొడిచి గుసగుసగా అడుగుతోంది:

"తర్వాత? తర్వాత ఏమన్నావు నాన్నా?"