గడువుకూ మాఫీకీ నడుమ

మా జర్మన్ సారు పోయారు. జనగామ నుంచి ఆయన భార్య ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను మహబూబాబాద్ స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉన్నాను, ఆయన్ను చూడ్డానికే.

భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఉద్యోగం చేస్తూ, అక్కడ యంత్రాలు బిగించడానికి వచ్చిన జర్మన్ ఇంజనీర్ల వెంట తిరిగి సారు ఆ భాష పట్టుకున్నారు. రిటైరయ్యాక జనగామలో ఇంటి ముందు గదిలో పాఠాలు చెప్పేవారు. నాది నెల్లికుదురు దగ్గరి తండా. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. "మూడు వచ్చినదానికి నాలుగోదెంత బిడ్డా" అని చేర్చుకున్నారు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. డిక్షనరీ మీద చాయ్ గ్లాసు పెడితే వీధి చివరిదాకా వినబడేలా అరిచేవారు.

జర్మన్ బ్యాంకు కాగితాలను ఇంగ్లీషులోకి మార్చడం నా బతుకుతెరువు. మొదటి పని ఒక అప్పు ఒప్పందం. అందులో ‘ష్టుండుంగ్’ అనే మాటకు మాఫీ అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాట రాసి, గర్వంగా సారుకు చూపించాను. అప్పు అనగానే మా తండాలో రోజూ వినబడేది ఆ మాటే మరి.

"గిదేంది?" అన్నారు సారు.

"మాఫీ, సార్."

"ఎవరు చేసిండ్రు మాఫీ? బ్యాంకోడా, నువ్వా? గది గడువు బిడ్డా. ష్టుండె అంటే గంట. జర టైమిస్తున్నడు, గంతే. మిత్తి గూడ ఆగలే, కింద వడ్డీ లెక్క సూడు. నీ రాత నమ్మి ఆ మనిషి కట్టుడు బంద్ జేస్తే ఎట్ల?"

ఆ మాట కొట్టేసి, గడువు అని అర్థమొచ్చే మాట రాశాను. కాగితం అవతల ఒక మనిషి ఉంటాడని నాకు ఆరోజే తెలిసింది. అప్పటినుంచి ఆయన చూడని పేజీ నా చేతి నుంచి బయటికి పోలేదు.

పోయిన వారం దవాఖానలో కలిసినప్పుడు కూడా, వద్దంటున్నా వినకుండా నా సంచిలోంచి నేను ఇంగ్లీషులోకి మార్చిన కొత్త ఒప్పందం లాక్కున్నారు. "పండి పండి పరేషానైతున్న, ఇయ్యి" అన్నారు. అంత్యక్రియలయ్యాక సారు భార్య ఆ కాగితాలు నా చేతిలో పెట్టారు. సోమవారానికి పంపాలి. పదకొండు పేజీలు దిద్ది ఉన్నాయి. పన్నెండో పేజీలో వడ్డీ గురించిన ఒక మాట కింద పెన్సిల్ గీత మొదలై, వణికి, ఆగిపోయింది. పొద్దుటినుంచి ఆ మాటనే చూస్తున్నాను. అందులో తప్పేమిటో నాకు దొరకడం లేదు.